మహిళల సింగిల్స్ చూడాలంటే ఏ గ్రాండ్‌స్లామ్‌కి వెళ్లాలి?

మెల్‌బోర్న్, పారిస్, లండన్‌లోని వింబుల్డన్, న్యూయార్క్‌లలో ఏటా జరిగే నాలుగు పెద్ద టెన్నిస్ టోర్నీలే గ్రాండ్‌స్లామ్‌లు. వాటికి మహిళల సింగిల్స్ కోసమే వెళ్తుంటే ఫైనల్ టికెట్ వెంట పడకండి. మొదటి వారంలో గ్రౌండ్ పాస్ (బయటి చిన్న కోర్టుల్లో ఎక్కడైనా కూర్చోనిచ్చే టికెట్) తీసుకోండి. డ్రాలో, అంటే పోటీ జాబితాలో, 128 మంది ఉంటారు కాబట్టి తొలి రౌండులోనే 64 మ్యాచ్‌లు. మూడు సెట్ల ఆట, చాలావరకు రెండు గంటల్లోపే తేలిపోతుంది. కోర్టులు మారుతూ తిరిగితే ఒక్క రోజులో నాలుగు మ్యాచ్‌లు హాయిగా చూడొచ్చు. నాలుగు ఊళ్లలోనూ నేను చేసింది ఇదే.

సదుపాయాల్లో నా ఓటు మెల్‌బోర్న్‌కి. సిటీ మధ్యలో గది తీసుకుంటే యారా నది పక్కగా నడుచుకుంటూ స్టేడియానికి చేరిపోవచ్చు, ఓపిక లేకపోతే 70 నంబరు ట్రామ్ ఉంది. జనవరి ఎండ మాత్రం మామూలుగా ఉండదు. వేడి మరీ మితిమీరితే బయటి కోర్టుల్లో ఆట ఆపేస్తారు. అప్పుడు పైకప్పున్న జాన్ కెయిన్ అరీనాయే దిక్కు. గ్రౌండ్ పాస్‌తో లోపలికి పంపిస్తారు, కాకపోతే అందరికీ అదే ఆలోచన వస్తుంది, లైను కదలదు.

పారిస్‌లో ఆట బాగుంది, బస బాగాలేదు. ఏసీ ఉందని చెప్పి ఇచ్చిన గదిలో టేబుల్ ఫ్యాన్ పెట్టారు. అడిగితే నవ్వి ఊరుకున్నారు. సిమోన్ మాత్యూ కోర్టులో కూర్చున్నాక ఆ చిరాకంతా పోయింది. 2019లో మొదలైన ఈ కోర్టుకి నాలుగు వైపులా మొక్కలు పెంచే గాజు ఇళ్లే. సీట్లు ఐదు వేలే, వెనక వరుసలో కూర్చున్నా ఆట దగ్గరగా ఉంటుంది. దీనికి విడిగా టికెట్ కొనాలి. బంతి గీత లోపల పడిందా బయట పడిందా అన్నది మిగతా మూడు చోట్లా యంత్రాలే చెబుతున్నాయి. ఇక్కడ 2025లోనూ లైన్ జడ్జీలే ఉన్నారు. అనుమానం వస్తే అంపైర్ కుర్చీ దిగి వచ్చి, ఎర్ర మట్టి మీద బంతి ముద్రని వంగి చూసి, వేలు పెట్టి చూపిస్తారు. ఆ కాసేపూ స్టాండ్స్‌లో అందరూ మెడలు చాచి చూస్తారు. నాకు నచ్చనిది నైట్ సెషన్. రాత్రికి ఒకే మ్యాచ్ ఉంటుంది, 2024లోనూ 2025లోనూ ఒక్క మహిళల మ్యాచ్‌కీ ఆ అవకాశం ఇవ్వలేదు. మహిళల ఆట కోసమైతే పగటి టికెట్టే కొనండి.

వింబుల్డన్‌లో హోటల్ ఖర్చు ఒక రాత్రి మిగుల్చుకోవచ్చు. సౌత్‌ఫీల్డ్స్ స్టేషన్‌లో దిగి, మర్నాటి టికెట్ల క్యూ కోసం పార్కులో టెంట్ వేసుకుని, క్యూలో మన స్థానం చూపే కార్డు చేతికిస్తే భద్రంగా దాచుకోవడమే. పొద్దున్నే స్టీవర్డులు (క్యూని చూసుకునే సిబ్బంది) లేపేస్తారు. టెంట్ సామాను పెట్టుకోవడానికి కౌంటర్ ఉంటుంది. మూడు పెద్ద కోర్టులకి తలా 500 దాకా టికెట్లు ఈ క్యూలోనే అమ్ముతారు (చివరి నాలుగు రోజులు సెంటర్ కోర్టువి ఉండవు). మిగిలినవాళ్లకి గ్రౌండ్ పాస్. దాంతో బయటి కోర్టు పక్కన బెంచీ దొరికితే, గడ్డి మీద బూటు జారిన చప్పుడు కూడా వినిపిస్తుంది. 1884లో ఇక్కడ తొలి మహిళల పోటీకి వచ్చింది 13 మందే, ఫైనల్ ఆడింది అక్కాచెల్లెళ్లు. ఫైనల్ సంగతంటారా, 2025లో పోలండ్ క్రీడాకారిణి ఇగా శ్వియాంటెక్ 6-0, 6-0తో 57 నిమిషాల్లో ముగించేసింది. అంత డబ్బు పోసి వచ్చినవాళ్లకి గంట ఆట కూడా దక్కలేదు.

న్యూయార్క్‌లో మాన్‌హాటన్ గదుల ధరలు చూస్తే టెన్షన్ వస్తుంది. స్టేడియానికి వెళ్లే 7 నంబరు రైలు దారిలో ఎక్కడైనా గది తీసుకోండి, అది రాత్రంతా నడుస్తుంది. బ్యాక్‌ప్యాక్ లోపలికి రానివ్వరు. 1973లోనే ఆడా మగా తేడా లేకుండా ప్రైజ్ మనీ ఇచ్చిన టోర్నీ ఇది. కానీ ఆర్థర్ ఆష్ స్టేడియంలో పై వరుసల సీట్లు కొనమని నేను చెప్పను. దాదాపు 24 వేల మంది పట్టే ఆ గిన్నెలో బంతి ఆవగింజంత కనిపిస్తుంది, చుట్టూ కబుర్లు ఆగవు. అసలు టోర్నీకి ముందు వారం, డ్రాలో చోటు కోసం ఆడే క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఉచితం, వాటికి వెళ్లండి. పెద్ద టికెట్ ఒక్కటైనా కొనాల్సిందే అనుకుంటే రెండో వారం గురువారం రాత్రి కింది వరుసల్లో తీసుకోండి. మహిళల సెమీఫైనల్స్ రెండూ ఒకే టికెట్ మీద చూడొచ్చు.