వరద ముంపు పటం: రాడార్ చిత్రమా, హైడ్రాలిక్ నమూనా?

ఏటా వర్షాకాలంలో పొంగే నది ఎంత భూమిని ముంచుతుందో పటంపై గుర్తించడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి: ఉపగ్రహం తీసే రాడార్ చిత్రం, ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే హైడ్రాలిక్ నమూనా.

రాడార్ చిత్రం జరిగినదాన్ని చూపుతుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2014 నుంచి ప్రయోగిస్తున్న సెంటినెల్-1 ఉపగ్రహాల తరంగాలు మబ్బులను దాటగలవు కనుక, ముసురు పట్టిన రోజుల్లోనూ నిశ్చలమైన నీరు చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. అయితే ఒక ఉపగ్రహం అదే కక్ష్యామార్గానికి తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది. ఈలోగా వరద ఉద్ధృతమై తగ్గిపోవచ్చు.

నమూనా మాత్రం ఇంకా రాని వరదకు సైతం లోతునూ వేగాన్నీ అంచనా వేస్తుంది. ఉచితంగా లభించే హెక్-రాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2016 నాటి 5.0 వెర్షన్ నుంచి ఒడ్డు దాటి మైదానంలో పరుచుకునే నీటిని పొడవు, వెడల్పు రెండు దిశల్లోనూ లెక్కించవచ్చు. అసలు చిక్కు నమూనాకు ఇవ్వాల్సిన నేల ఎత్తుల దగ్గరే వస్తుంది. 2000లో అంతరిక్ష నౌక సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం (రాడార్‌తో కొలిచిన భూతల ఎత్తుల సమాచారం) ఎత్తుల్లో కొన్ని మీటర్ల లోపం సాధారణమే. అడవి ఉన్నచోట చెట్ల ఎత్తు కూడా నేల ఎత్తులో కలిసిపోతుంది. ఆ సమాచారంలోని 30 మీటర్ల గడిలో సన్నని కరకట్ట ఆనవాలే మిగలదు, దాంతో వాస్తవంలో కట్ట కాపాడే పొలాలను పటం మునిగినట్టు చూపుతుంది. చదునైన డెల్టాల్లో ఇది చిన్న పొరపాటు కాదు.

భూవినియోగ ప్రణాళికకు నేను నమూనానే ఎంచుకుంటాను, కానీ గత వరద రాడార్ చిత్రంతో సరిపోల్చి మ్యానింగ్ గరుకుదన గుణకాన్ని (నేల గరుకుదనం ప్రవాహాన్ని ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్యను) సవరించిన తర్వాతే దాన్ని నమ్ముతాను.