మన ఎంపీ ఎటు ఓటేశారో చూపించే సైటు: దే వర్క్ ఫర్ యూ

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి ఈ సైటు తెలియదు, అందుకే రాస్తున్నాను. పోస్ట్‌కోడ్ కొడితే చాలు, మన ఎంపీ ఎవరు, పార్లమెంటులో ఏం మాట్లాడారు, దేనికి ఎటు ఓటేశారు, ఎవరి దగ్గర డబ్బో కానుకలో తీసుకున్నట్టు ప్రకటించారు, అన్నీ ఒకే చోట వస్తాయి. పూర్తిగా ఉచితం. 2004లో వాలంటీర్లు మొదలుపెట్టారు, ఇప్పుడు మైసొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ నడుపుతోంది.

యూరోపియన్ యూనియన్‌లో బ్రిటన్ ఉండాలా వద్దా అని 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో మా ఇంట్లో రెండు ఓట్లు రెండు వైపులా పడ్డాయి. మాది అప్పటికి ఇండియా పాస్‌పోర్టే, కానీ ఇక్కడ ఉంటున్న కామన్వెల్త్ పౌరులకి ఓటుంది కాబట్టి ఇద్దరం వెళ్లాం. నేను ఉండాలని వేశాను, మా ఆయన బయటికి రావాలని, అంటే బ్రెగ్జిట్‌కి, వేశారు. యూరప్ వాళ్లు వీసా లేకుండా వచ్చేస్తుంటే మనకి మాత్రం వీసా కోసం ప్రతిదానికీ జీతం లెక్కలేంటి అన్నది ఆయన బాధ. 51.9 శాతంతో ఆయన వైపే గెలిచింది. గెలిచినా ఆయనకి సంతోషం మిగల్లేదు. మూడేళ్లు ఆ గొడవంతా చూశాక, కన్జర్వేటివ్‌లు గానీ లేబర్ గానీ మన మాట వినడం లేదన్న దగ్గర ఇద్దరం కలిశాం.

అప్పుడే ఈ సైటు పట్టుకున్నాం. మాట మీద నిలబడతానని ఇంటింటికీ కరపత్రం పంచిన మా ఎంపీ, అప్పటి ప్రధాని థెరిసా మే బ్రెగ్జిట్ ఒప్పందానికి 2019 జనవరి 15న వద్దని, మార్చి 12న మళ్లీ వద్దని, మార్చి 29న సరేనని ఓటేశారు. మా ఆయనకి ఒళ్లు మండిపోయింది. కానీ అదే పేజీలో మా ఎంపీ ప్రసంగం మొత్తం ఉంది, మనసు ఎందుకు మార్చుకున్నారో అందులో చెప్పారు. కారణం మాకు నచ్చలేదు. అయినా అది చదివాక మోసపోయామన్న భావన కొంచెం తగ్గింది. ఓటర్లకి ఆ నాలుగు ముక్కలు ఒక ఉత్తరంలో రాసి పంపొచ్చు కదా!

ఒకటి గుర్తుపెట్టుకోండి. చాలా ఓట్లు పార్టీ విప్ ప్రకారం పడేవే, కాబట్టి అంకెలు చూసి మనిషిని తేల్చేయొద్దు, సొంత పార్టీకి ఎదురుగా వేసిన ఓట్లు ముందు చూడండి. ఓటేయని రోజున ఎందుకు వేయలేదో కూడా తెలియదు, ఎందుకంటే పార్లమెంటే ఆ కారణం నమోదు చేయదు.

2017 ఎన్నికల్లో కన్జర్వేటివ్, లేబర్ రెండు పెద్ద పార్టీలకీ కలిపి 82 శాతం ఓట్లొచ్చాయి, 2024కి అది 57కి పడిపోయింది. మా వీధిలో బ్రెగ్జిట్‌కి ఓటేసిన వాళ్లు కొందరు 2024లో బూత్‌కే వెళ్లలేదు. వాళ్లకీ ఇది చూపించాను, ఇద్దరు మాత్రం పేజీ సేవ్ చేసుకున్నారు.

ఈమెయిల్ అలర్ట్ తప్పకుండా పెట్టుకోండి. నేను మొదట 'వీసా' అని ఒక్క మాట పెడితే, పార్లమెంటులో ఎవరు ఆ మాట అన్నా మెయిళ్లు వరదలా వచ్చిపడ్డాయి. దానికి మా ఎంపీ పేరు కూడా జోడించాక సరిపోయింది.