బాట్లను ఆపుతామనే ప్యాకేజీ కొంటున్నారా? ముందు ఇది చదవండి

మా అమ్మ పచ్చళ్ళ వ్యాపారానికి వెబ్‌సైట్ నేనే చూసుకుంటాను. మార్చిలో సైట్ మరీ నెమ్మదించింది. సైట్‌కు ఎవరెవరు వచ్చారో రాసి ఉండే లాగ్ తెరిస్తే, కొనేవాళ్ళకంటే క్రాలర్లే, అంటే పేజీలను వాటంతటవే చదువుకుపోయే బాట్ ప్రోగ్రాములే ఎక్కువ: బైట్‌స్పైడర్, జీపీటీబాట్, ఇంకా ఏవేవో. లిమిట్ దాటుతున్నారని హోస్టింగ్ వాళ్ళ మెయిల్. ఆ టెన్షన్‌లో ఆన్‌లైన్‌లో కనిపించిన 'బాట్ ప్రొటెక్షన్' ప్యాకేజీ ఒకటి 8,500 రూపాయలకు కొన్నాను. డబ్బంతా ముందే కట్టేశాను, మీరు మాత్రం అలా కట్టకండి.

రెండు రోజుల్లో లోడ్ కాస్త తగ్గింది. తీరా ఆవకాయ సీజన్ వచ్చేసరికి ఆర్డర్లు పడిపోయాయి. మా సైట్ పేరు కొట్టినా గూగుల్‌లో రావడం లేదు. గూగుల్‌లో మన సైట్ పరిస్థితి చూపించే సెర్చ్ కన్సోల్‌లో పేజీ తర్వాత పేజీ 403, అంటే గూగుల్‌ను మా సర్వరే గుమ్మంలోంచి తిప్పి పంపేస్తోంది.

సర్వర్ రూల్స్ ఉండే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్ తెరిచి చూశాను. ప్యాకేజీ వాళ్ళు పెట్టింది రెండే వరుసలు. యూజర్ ఏజెంట్‌లో, అంటే వచ్చినవాళ్ళు సర్వర్‌కు చెప్పుకునే పేరులో, 'బాట్' అన్న ముక్క ఎక్కడ ఉన్నా 403 ఇచ్చేయమని. గూగుల్‌బాట్, బింగ్‌బాట్ పేర్లలోనూ ఆ ముక్క ఉంది కదా! బైట్‌స్పైడర్ పేరులో లేదు, అందుకని అది హాయిగా తిరుగుతూనే ఉంది.

అడిగితే, 'రోబోట్స్ ఫైల్‌లో గూగుల్‌ను రానిచ్చాం కదండీ' అన్నారు. రోబోట్స్ ఫైల్ అంటే ఏ బాట్ రావచ్చో, ఏది రాకూడదో రాసిపెట్టే విన్నపం, అంతే. సర్వర్ రూల్ తలుపుకు వేసిన తాళం. తాళం వేసి ఉన్నప్పుడు విన్నపంలో ఏం రాస్తే ఏం లాభం? గూగుల్-ఎక్స్‌టెండెడ్‌ను కూడా సర్వర్‌లో ఆపుతామని ప్యాకేజీలో రాశారు. ఆ పేరుతో సర్వర్‌కు వచ్చే బాటే లేదు, అది మన పేజీలను గూగుల్ ఏఐకి వాడొద్దని చెప్పడానికి రోబోట్స్ ఫైల్‌లో రాసుకునే పేరు మాత్రమే.

ఆ తర్వాత సరిచేశామంటూ పేర్ల జాబితా పెట్టారు. పేర్ల మధ్య 'లేదా' అనే అర్థంలో పెట్టే నిలువు గీత (|) చివరి పేరు తర్వాత కూడా ఒకటి మిగిలిపోయింది. గీత తర్వాత ఖాళీగా ఉంటే ఆ రూల్ ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. సగం రోజు మా కస్టమర్లందరికీ 403 కనిపించింది. అమ్మకు ఫోన్ల మీద ఫోన్లు, షాపు మూసేశారా అని.

కొనేముందు ఏయే పేర్లు ఆపుతారో రాతపూర్వకంగా అడగండి. యూజర్ ఏజెంట్‌లో ఎవరైనా గూగుల్‌బాట్ అని రాసుకోవచ్చు, కాబట్టి అసలుదో నకిలీదో ఐపీ అడ్రస్‌ను రివర్స్ డీఎన్‌ఎస్‌తో (ఆ అడ్రస్ ఎవరి పేరు మీద ఉందో వెతికే పద్ధతి) ఎలా సరిచూస్తారో కూడా అడగండి. జవాబు తడబడితే వదిలేయండి. పాత ఫైల్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి, నేను ఉంచుకోలేదు. గూగుల్‌బాట్‌కు 403 వెళ్ళడం లేదని సర్వర్ లాగ్‌లో మీ కళ్ళతో చూశాకే డబ్బివ్వండి.

నాకు ఇంతవరకు రూపాయి తిరిగి రాలేదు. ఆ రూల్ తీసేశాక పేజీలు ఒక్కొక్కటిగా గూగుల్‌లోకి వస్తున్నాయి. ఆవకాయ పేజీ ఇంకా రాలేదు.