వెన్నులో రాడ్లతో 24 ఏళ్లు: రెండో ఆపరేషన్ ముందు నా సమీక్ష

నా వెన్నులో రెండు లోహపు రాడ్లు, వాటిని పూసలకు బిగించిన హుక్కులు, స్క్రూలు 2001 వేసవి నుంచి ఉన్నాయి. అప్పుడు నాకు 15 ఏళ్లు, ఇప్పుడు 39. కడపలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పాఠాలు చెబుతున్నాను. ఆ వెన్నును మళ్లీ తెరిచి సరిచేయవలసి రావచ్చని నిరుడు డాక్టర్లు చెప్పారు. స్కోలియోసిస్‌కు, అంటే వెన్ను పక్కకు వంకర తిరిగే సమస్యకు, ఆపరేషన్ చేయించుకున్నవారికీ, పిల్లలకు చేయించబోతున్న తల్లిదండ్రులకూ పనికివస్తుందన్న ఆశతో నా అనుభవాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నా వెన్ను వంకరను మొదట గుర్తించినవాడు మా వీధి టైలరు. లంగావోణీ మీదికి జాకెట్టు కొలతలు తీసుకుంటూ, "పాపకు ఎడమ భుజం దిగినట్టుంది, చూసినావా అక్కా" అని మా అమ్మను అడిగాడు. ఎక్స్‌రేలో వంపు 58 డిగ్రీలు తేలింది. ఇంకా ఎదిగే వయసు పిల్లల్లో వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బెల్టు వేసి ఆపడానికి ప్రయత్నిస్తారు. నేను ఆ దశ దాటిపోయాను. ఛాతీ భాగంలో 50 డిగ్రీలు దాటిన వెన్ను వంపు, ఎదుగుదల ఆగిన తర్వాత కూడా ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరగవచ్చు. అందుకే ఆపరేషన్ చేయాలన్న నాటి నిర్ణయాన్ని నేను ఈ రోజుకూ తప్పు పట్టను.

డి4 (ఛాతీ భాగంలో నాలుగో పూస) నుంచి ఎల్4 (నడుములో నాలుగో పూస) వరకు 13 పూసలను కలిపి, తుంటి ఎముక నుంచి తీసిన ముక్కలు పరిచి, ఒకే కట్టగా అతుక్కునేలా చేశారు. రాడ్లే జీవితాంతం బరువు మోస్తాయని చాలామంది అనుకుంటారు. అవి ఎముక అతుక్కునే దాకా ఆసరా మాత్రమే. ఆ తర్వాత మోసేది అతుక్కున్న ఎముకే. వంపు 26 డిగ్రీలకు తగ్గింది, భుజాలు సమానమయ్యాయి. 18 ఏళ్లపాటు నొప్పి మాత్ర వేసుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బీఈడీ చదివాను, ప్రొద్దుటూరుకు రోజూ బస్సులో వెళ్లి ఉద్యోగం చేశాను, పాపను కన్నాను. సిజేరియన్ సమయంలో నడుములో మత్తు సూది వేయడం కష్టమని మత్తు డాక్టరు పూర్తి మత్తు ఇచ్చారు, అదొక్కటే తేడా. ఇంత కాలం ఇంత మేలు చేసిన వైద్యానికి నా మెప్పు మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఇబ్బంది 2019లో మొదలైంది. మధ్యాహ్నం నాలుగో పీరియడ్ వచ్చేసరికి ఒంటి పైభాగం ముందుకు వాలిపోయేది. ఎడమ అరచేతిని నల్లబల్లకు ఆనించి, కుడిచేత్తో రాసేదాన్ని. పాఠశాల వార్షికోత్సవంలో ఎవరో పక్కనుంచి తీసిన ఫొటోలో నన్ను నేను చూసుకుని నిలబడిపోయాను. మిగిలిన టీచర్లందరూ నిటారుగా ఉన్నారు, నా మోకాళ్లు మాత్రం వంగి ఉన్నాయి. నడుముకు సహజంగా ఉండవలసిన లోపలి వంపు పోతే మనిషి ముందుకు వాలుతుంది, చూపు నేరుగా ఉంచుకోవడానికి మోకాళ్లు వంచుతుంది. దీన్ని ఫ్లాట్‌బ్యాక్ అంటారు. 1960ల నుంచి వాడిన హారింగ్టన్ రాడ్లతో ఇది ఎక్కువగా వచ్చేది. నావి ఆ తర్వాతి తరానివే అయినా నడుము భాగాన్ని చదునుగానే వదిలాయి. పైన 13 పూసలు కదలకపోవడంతో కదలిక భారమంతా కింద మిగిలిన రెండు డిస్కుల (పూసల మధ్య ఉండే మెత్తల) మీద పడింది. ఇప్పుడు ఆ రెండూ అరిగిపోయాయి, కుడి కాలిలోకి నరం లాగుతుంది.

నా ఫిర్యాదు ఆపరేషన్ మీద లేదు, ఆ తర్వాత ఏర్పడిన మౌనం మీద ఉంది. రెండేళ్లకు "అంతా బాగుంది, ఇక రానక్కర్లేదు" అని పంపేశారు. కింది డిస్కులను కొన్నేళ్లకొకసారి చూపించుకోవాలని ఎవరూ చెప్పలేదు. నిరుడు రికార్డుల కోసం వెళితే పాతవి లేవన్నారు. స్క్రూలు ఏ కంపెనీవో తెలిస్తే వాటిని విప్పే పరికరాలను ముందుగా సిద్ధం చేసుకోవచ్చు; రాడ్లు స్టీలువో టైటానియంవో తెలిస్తే ఎంఆర్‌ఐ ఎంత స్పష్టంగా వస్తుందో అంచనా వేయవచ్చు. దయచేసి ఆపరేషన్ నోట్సు, ఇంప్లాంట్ స్టిక్కర్లు డిశ్చార్జి రోజే అడిగి తీసుకుని, ఇంటి పత్రాలతో పాటు భద్రపరచండి.

ఇద్దరు సర్జన్లను కలిశాను. ఒకరు త్వరగా చేయించుకోమన్నారు: ఒక పూస నుంచి ఎముకను చీలిక ఆకారంలో కోసి తీసి, నడుముకు సుమారు 30 డిగ్రీల వంపు తిరిగి తెచ్చి, రాడ్లను కటి ఎముక దాకా పొడిగించడం. చాలా గంటల పని, రక్తం ఎక్కించాలి, పాత మచ్చల మధ్య నరాల పొర చిరిగే ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువ. రెండో ఆయన ముందు ఎముక సాంద్రత పరీక్ష చేయించారు. అది తక్కువగా వచ్చింది. బలం లేని ఎముకలో స్క్రూ నిలవదు కాబట్టి మందులతో ఎముకను గట్టిపరిచి, నరానికి ఇంజెక్షన్ ఇచ్చి, కొంత కాలం చూద్దామన్నారు. ఇంజెక్షన్ నాలుగు నెలలు పనిచేసింది.

ఫిజియోథెరపిస్టు చెప్పిన పరీక్ష ఒకటి నాకు స్కానుల కంటే ఎక్కువ నేర్పింది. కటి దాకా అతికిస్తే నడుము వంగదు కాబట్టి, వారం రోజులు నడుము వంచకుండా బతికి చూడమన్నారు. వాకిట్లో ముగ్గు వేయలేకపోయాను. కింద పడిన చాక్‌పీసును పిల్లలు అందించారు. అన్నిటికంటే కష్టమైనది, ఎవరూ బయటికి చెప్పనిది, మరుగుదొడ్డిలో శుభ్రం చేసుకోవడం. దానికి ఒళ్లు తిప్పే కొత్త పద్ధతి నేర్చుకోవాలి. ఆపరేషన్‌కు వెళ్లబోయే ఆడవాళ్లు సిగ్గుపడకుండా ఈ సంగతిని డాక్టరును ముందే అడగాలి.

ప్రస్తుతానికి నేను ఆగాను. ఇంటి నుంచి బడికి నడిచే దారిలో కాలి లాగుడు వల్ల ఒకచోట గోడకు ఆనుకుని నిలబడతాను. ఎన్నిసార్లు ఆగానో రోజూ డైరీలో రాస్తున్నాను. ఏడాది తర్వాత ఎముక సాంద్రత మళ్లీ చూపించుకుని, తల నుంచి పాదాల దాకా నిలబెట్టి తీసే ఎక్స్‌రేతో పాటు ఆ డైరీని కూడా సర్జన్ ముందు పెడతాను. పాదం పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు తగ్గినా మాత్రం ఆ ఏడాది కోసం చూడకుండా అదే రోజు బయలుదేరాలని మా ఆయనకు చెప్పి ఉంచాను.