‘వన్ సిట్టింగ్ డిగ్రీ’ అంటూ పిలిచే కన్సల్టెన్సీలతో జాగ్రత్త (హన్మకొండ, కరీంనగర్ వాళ్లకు)

నలభై, యాభై దాటాక మళ్లీ చదువుదామనుకునే అన్నలకు, అక్కలకు ఈ హెచ్చరిక. తెలుగు ఎంఏ గురించో, చరిత్ర, జర్నలిజం గురించో ఒక్కచోట ఆరా తీస్తే చాలు, కన్సల్టెన్సీల ఫోన్లు మొదలవుతాయి. “ఈ వయసులో క్లాసులెందుకు మేడం, ఒక్కసారి పరీక్ష రాయండి, మిగతాది మేం చూసుకుంటం” అంటారు. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేయండి. మూడేళ్ల డిగ్రీని ఒక్క సిట్టింగ్‌లో ఇచ్చే అధికారం దేశంలో ఏ యూనివర్సిటీకీ లేదు. వాళ్లు చేతిలో పెట్టేది పాత తేదీలు వేసిన మెమో. రేపు ప్రమోషన్ కోసం ఆఫీసులో ఇస్తే, వెరిఫికేషన్ కోసం అది యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్తుంది. అక్కడి రికార్డులో ఆ నంబరు ఉండదు. కేసు ముందు మీ మీదికే వస్తుంది.

ఇంకో రకం మోసం పట్టుకోవడం కష్టం. యూనివర్సిటీ నిజమైనదే, వేరే రాష్ట్రానిది. దాని స్టడీ సెంటర్ మన ఊళ్లో ఉందంటారు. దూరవిద్యలో రాష్ట్ర యూనివర్సిటీలు, ప్రైవేటు యూనివర్సిటీలు తమ రాష్ట్రం దాటి సెంటర్ నడపకూడదు, ఫ్రాంచైజీ అసలే ఇవ్వకూడదు. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) జాతీయ సంస్థ కాబట్టి దానికి ఈ హద్దు లేదు. ఇది అడిగితే వెంటనే మాట మార్చి “ఇది ఆన్‌లైన్ కోర్సు” అంటారు. ఆన్‌లైన్ కోర్సుకు రాష్ట్రం హద్దు లేని మాట నిజమే, కానీ దానికి గల్లీలో సెంటర్ ఎందుకు?

ఏ యూనివర్సిటీకి అనుమతి ఉందో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో (దూరవిద్యను చూసే విభాగం) వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. యూనివర్సిటీ పేరు కనిపించగానే తృప్తిపడొద్దు. అనుమతి కోర్సువారీగా, సెషన్‌వారీగా ఇస్తారు. బీఏకు ఉండి మీరు చేరే ఎంఏకు లేకపోవచ్చు, నిరుడు ఉండి ఈ జూలైకి లేకపోవచ్చు. కోర్సు పేరు, దూరవిద్యా ఆన్‌లైనా, సెషన్, మూడూ కలిస్తేనే ఫీజు. దూరవిద్యలో పీహెచ్‌డీ, లా, ఇంజినీరింగ్ అన్నవాళ్లతో మాట్లాడే పనే లేదు.

అసలు దెబ్బ తగిలేది దరఖాస్తు దగ్గర. కన్సల్టెన్సీవాళ్లు తమ ఫోన్ నంబరు, తమ ఈమెయిల్ పెట్టి రిజిస్టర్ చేస్తారు. ఇక ఓటీపీ, పాస్‌వర్డ్, హాల్‌టికెట్ అన్నీ వాళ్ల చేతిలోనే. ప్రతి సెమిస్టర్‌కూ ఏదో ఒక పేరు చెప్పి పైసలు అడుగుతారు, ఇవ్వకపోతే హాల్‌టికెట్ ఇవ్వరు. అందుకే దరఖాస్తు మీరే పెట్టుకోండి. ముందు ఆధార్‌కు లింకైన ఫోన్‌తో డిజీలాకర్‌లో ఏబీసీ ఐడీ (మీ చదువు క్రెడిట్ల ఖాతా నంబరు) తీసుకుని, దాంతో బ్యూరో పోర్టల్‌లో డెబ్ ఐడీ (ఆ బ్యూరో ఇచ్చే విద్యార్థి నంబరు) చేసుకోవాలి. 2024 నుంచి అది లేకుండా దూరవిద్య, ఆన్‌లైన్ అడ్మిషన్ లేదు. ఫీజు యూనివర్సిటీ పోర్టల్‌లోనే కట్టండి. రసీదు మీద కన్సల్టెన్సీ పేరుంటే యూనివర్సిటీ దృష్టిలో మీరు రూపాయి కట్టనట్టే. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు అక్కడ వదలొద్దు, జిరాక్స్ చాలు.

కాకతీయ దూరవిద్యా కేంద్రం మన దగ్గరే ఉంది. 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, 1985 నుంచి ఇగ్నో ఉంది. మధ్యవర్తి అవసరమే లేదు. ఏ సబ్జెక్టో తేలనివాళ్లు ముందు ఇగ్నో వెబ్‌సైట్ ఈజ్ఞానకోశ్‌లో పాఠాలు ఉచితంగా చదివి చూడండి. చాలా రకాల ఆసక్తులున్నవాళ్లకు ఇది నిజంగా మేలు. ‘రెడీమేడ్ అసైన్‌మెంట్లు’ మాత్రం కొనకండి. ఇగ్నోలో చాలా కోర్సులకు అసైన్‌మెంట్‌కు 30 శాతం వెయిటేజీ. ఒకే జవాబు పదిమంది పెడితే తిప్పి పంపుతారు. పైగా రాయడం నేర్చుకోవాలని చేరిన మనిషికి అందులో మిగిలేదేమీ ఉండదు.

కవులు, రచయితలకు వేరే వల ఉంది: పైసలు తీసుకుని ఇచ్చే గౌరవ డాక్టరేట్లు. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) ఇప్పిస్తామని వేలు అడిగేవాళ్లూ ఉన్నారు, మన దేశంలో అది ఉచితం.

ఇప్పటికే కట్టి ఉంటే యూపీఐ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి. ఆన్‌లైన్‌లో పంపిన పైసలైతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే పైసలు ఆగే అవకాశం అంత ఎక్కువ. వినియోగదారుల ఫిర్యాదుకు 1915. ఒరిజినల్స్ ఆపుకుంటే మాటలతో కాలం గడపకుండా స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.