‘స్కోరు గ్యారంటీ’ అంటూ అమ్మే జీఆర్‌ఈ ప్యాకేజీలతో జాగ్రత్త

విదేశాల్లో ఎమ్మెస్‌కో పీహెచ్‌డీకో అప్లై చేస్తూ జీఆర్‌ఈ కోసం ఆన్‌లైన్ కోచింగ్ ప్యాకేజీలు చూస్తున్నవాళ్లు, కార్డు నంబరు కొట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. ‘స్కోరు గ్యారంటీ, రాకపోతే డబ్బు వాపసు’ అని అమ్మే ప్యాకేజీ ఒకటి నేను కొన్నాను. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయట్లేదు, డబ్బు గొడవ ఇంకా నడుస్తోంది. పైగా అదే సరుకు, అవే వీడియోలు వేరే లోగోతో ఇంకోచోట కూడా కనిపించాయి. కాబట్టి పేరు కంటే గుర్తులు తెలిస్తేనే మీకు ఉపయోగం.

అసలు సంగతి ముందే చెప్తాను. వాళ్లు అమ్ముతున్నది ఇప్పుడు లేని పరీక్ష.

జీఆర్‌ఈ స్వరూపం 2023 సెప్టెంబర్ 22న మారింది. అంతకుముందు 3 గంటల 45 నిమిషాల దాకా పట్టేది, ఇప్పుడు 1 గంట 58 నిమిషాలు. ఇష్యూ, ఆర్గ్యుమెంట్ అని రెండు ఎస్సేలు ఉండేవి, ఇప్పుడు ఇష్యూ ఒక్కటే, దానికి 30 నిమిషాలు. వెర్బల్‌లో (ఇంగ్లీషు భాగం) మొదటి సెక్షన్ 12 ప్రశ్నలు, 18 నిమిషాలు. రెండోది 15 ప్రశ్నలు, 23 నిమిషాలు. క్వాంట్‌లో (లెక్కల భాగం) 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. మార్కుల్లో కలపని ప్రయోగాత్మక సెక్షన్ ఎత్తేశారు, మధ్యలో ఇచ్చే 10 నిమిషాల విరామమూ ఎత్తేశారు. ఈ అంకెలు దగ్గర పెట్టుకుంటే చాలు, సగం మోసాలు అక్కడికక్కడే దొరికిపోతాయి.

వాళ్ల వెబ్‌సైటు మొదటి పేజీలో ‘కొత్త ప్యాటర్న్ ప్రకారం’ అని ఇంతింత అక్షరాలతో ఉంది. డబ్బు కట్టి లోపలికెళ్లి మొదటి మాక్ (నమూనా పరీక్ష) తెరిస్తే ముందు ఇష్యూ ఎస్సే వచ్చింది, అక్కడిదాకా బాగానే ఉంది. అది సబ్మిట్ చేయగానే ఆర్గ్యుమెంట్ ఎస్సే ప్రత్యక్షం. ఆ తర్వాత క్వాంట్: పైన కుడివైపు టైమర్ 35:00 నుంచి వెనక్కి తిరగడం మొదలుపెట్టింది, దాని పక్కన ‘20లో 1వ ప్రశ్న’. మూడో సెక్షన్ పూర్తవగానే తెర నిండా ‘మీకు 10 నిమిషాల విరామం, లేచి కాస్త అటూ ఇటూ తిరగండి’ అని ఒక కప్పు బొమ్మ. ఇదంతా పాత పరీక్షే. ప్యాకేజీలో ఉన్న మాక్‌లన్నీ ఇంతే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ కొనకముందు డెమోలో చూపించేది.

సపోర్టు వాళ్లను అడిగితే ‘ప్రశ్నల రకాలు మారలేదు కదండీ, ఎక్కువ ప్రాక్టీసు మంచిదేగా’ అన్నారు. ఇందులో కొంత నిజముంది కాబట్టే చాలామంది ఊరుకుంటారు. టెక్స్ట్ కంప్లీషన్, సెంటెన్స్ ఈక్వివలెన్స్, క్వాంటిటేటివ్ కంపారిజన్ ఇవన్నీ అలాగే ఉన్నాయి. ప్రశ్నకు దొరికే సమయం కూడా లెక్కేస్తే దాదాపు పాతదే, క్వాంట్‌లో 1 నిమిషం 45 సెకన్లు. తేడా అక్కడ కాదు. ఇదివరకు క్వాంట్ స్కోరు 40 ప్రశ్నల మీద తేలేది, ఇప్పుడు 27 మీద తేలుతుంది. ఒక్కో తప్పు బరువు పెరిగింది. మొదటి సెక్షన్‌లో ఉన్నవే 12, రెండో సెక్షన్ కష్టంగా రావాలా సులువుగా రావాలా అనేది ఆ పన్నెండే తేలుస్తాయి. 20 ప్రశ్నల సెక్షన్‌కు అలవాటుపడినవాళ్లు ‘ఒకటి రెండు పోతే పోనీ, తర్వాత చూసుకుందాం’ అన్న ధోరణిలో ఉంటారు. చూసుకోవడానికి ఆ తర్వాత ఇప్పుడు అంత లేదు.

ఆ మాటకొస్తే వాళ్ల మాక్‌కు ఈ ఎక్కువతక్కువలు చేయడమే రాదు. మొదటి సెక్షన్‌ను బట్టి రెండోది మారుతుందా లేదా చూద్దామని ఒకసారి క్వాంట్ మొదటి సెక్షన్ మొత్తం ఖాళీగా వదిలేశాను. తర్వాత వేరే ట్రయల్ లాగిన్‌తో అదే మాక్ శ్రద్ధగా చేశాను. రెండుసార్లూ రెండో సెక్షన్ పొల్లు పోకుండా ఒక్కటే. స్కోరు కూడా సరైన జవాబుల శాతాన్ని జీఆర్‌ఈ ఒక్కో భాగానికి ఇచ్చే 130 నుంచి 170 స్కేలు మీదకు సాగదీసి ఇచ్చిందే: సగం ఒప్పయితే 150, ముప్పాతిక ఒప్పయితే 160. అసలు జీఆర్‌ఈ స్కోరు అలా రాదు. ఈ అంకె చూసి ‘నాకు ఇంత వస్తుంది’ అనుకుని యూనివర్సిటీల జాబితా వేసుకుంటే ఆ జాబితా మొత్తం తప్పే.

ప్యాకేజీతో పాటు ఇచ్చిన వొకాబులరీ పీడీఎఫ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అందులో సగం పేజీలు యాంటొనిమ్స్, ఎనాలజీలు. అవి జీఆర్‌ఈలోంచి 2011 ఆగస్టులోనే పోయాయి, అప్పటి 800 మార్కుల స్కేలుతో పాటు. అంటే ఆ పీడీఎఫ్ ఒక మార్పు కాదు, రెండు మార్పులు వెనకబడి ఉంది.

వీళ్ల దగ్గరే జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) ప్యాకేజీ కొన్న స్నేహితురాలి అనుభవమూ ఇంతే. సెంటెన్స్ కరెక్షన్ మీద గంటలకొద్దీ వీడియోలు. 2023 నవంబర్‌లో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో సెంటెన్స్ కరెక్షనే లేదు, ఎస్సే లేదు, డేటా ఇన్‌సైట్స్ అని కొత్త సెక్షన్ వచ్చింది. పాత పరీక్ష 2024 జనవరి 31తో ముగిసిపోయింది. కొత్త స్కేలు 205 నుంచి 805, ప్రతి స్కోరూ 5తోనే ముగుస్తుంది. కాబట్టి ఎవరైనా ‘మా విద్యార్థికి 740’ అని చెబితే అది ఏ పరీక్షలో వచ్చిందో అడగండి.

ఇక ‘లీకైన ఎస్సే టాపిక్స్’ అని విడిగా డబ్బు కట్టించుకుని ఒక ఫైలు ఇచ్చారు. తెరిస్తే ఇష్యూ టాపిక్కుల జాబితా. ఇది పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్లే తమ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టిన జాబితా! పైనున్న పేరు చెరిపేసి, వీళ్ల వాటర్‌మార్కు కొట్టారు. ఈ ధైర్యానికి మాత్రం నిజంగా మెచ్చుకోవాలి.

ఇంతవరకూ పోయేది డబ్బూ సమయమూ. ఇప్పుడు చెప్పబోయేది అంతకంటే ప్రమాదం. కోర్సు సగంలో ఉండగా ఒక ‘కౌన్సెలర్’ ఫోన్ చేసి, ఈ నెల పరీక్ష రాసినవాళ్ల దగ్గర సేకరించిన అసలు ప్రశ్నలు ఉన్నాయని, ప్రీమియంకి మారితే ఇస్తామని అన్నాడు. దీని జోలికి అస్సలు వెళ్లకండి. పరీక్షకు కూర్చునే ప్రతి ఒక్కరూ ప్రశ్నలు బయటపెట్టనని ఒప్పుకునే కూర్చుంటారు. అనుమానం వస్తే స్కోరు రద్దు చేసే అధికారం పరీక్ష పెట్టేవాళ్లకు ఉంది, యూనివర్సిటీకి పంపేసిన తర్వాత కూడా. ఉత్త బెదిరింపు కాదిది. జీమ్యాట్ అసలు ప్రశ్నలు అమ్మిన స్కోర్‌టాప్ అనే వెబ్‌సైటు మీద 2008లో అమెరికా కోర్టు 20 లక్షల డాలర్లకు పైగా తీర్పు ఇచ్చింది. ఆ సైటు వాడిన 84 మంది స్కోర్లు రద్దయ్యాయి. అంతకుముందు 2002లో ప్రశ్నలు వెబ్‌సైట్లలో తిరుగుతున్నాయని చైనా, తైవాన్, దక్షిణ కొరియాల్లో కంప్యూటర్ మీద పెట్టే జీఆర్‌ఈనే ఆపేసి, మళ్లీ కాగితం మీదకు వెళ్లారు. కొందరు కొన్న ప్రశ్నలకు అక్కడి విద్యార్థులందరూ ఇబ్బంది పడ్డారు.

అదే కౌన్సెలర్ ఇంకో రోజు గొంతు తగ్గించి, ఇంటి నుంచి రాసే జీఆర్‌ఈ అయితే ‘సాయం ఏర్పాటు’ ఉందన్నాడు. అంటే మన బదులు ఇంకొకరు రాయడమో, దూరం నుంచి మన స్క్రీన్ నడపడమో. ఫోన్ పెట్టేశాను. మారు మనుషులతో పరీక్షలు రాయించిన కేసులో 2015లో అమెరికాలో 15 మంది మీద నేరాభియోగాలు నమోదయ్యాయి. విదేశంలో చదువుకోబోయేవాళ్లకు ఇలాంటి కేసు అంటే సీటుతో పోయేది కాదు, వీసా మీదకు కూడా వస్తుంది.

గ్యారంటీ సంగతి. ప్రకటనలో ఒక్క వాక్యం, షరతుల పేజీలో బోలెడు. వీడియోలన్నీ చివరిదాకా చూసి ఉండాలి, మధ్యలో దాటేస్తే లెక్కలోకి రాదు. మాక్‌లన్నీ రాయాలి, అంటే లేని పరీక్షను మళ్లీ మళ్లీ రాయాలి. అసలు పరీక్ష ప్యాకేజీ గడువులోపే రాయాలి. వీటన్నిటికంటే తెలివైనది ఇంకొకటుంది. గ్యారంటీ అసలు స్కోరుకు కాదు, ‘పెరుగుదల’కు. ఎక్కడి నుంచి పెరుగుదల? కోర్సు మొదట్లో మన స్థాయి చూడటానికని వాళ్లు పెట్టే డయాగ్నస్టిక్ టెస్టు నుంచి. ఆ టెస్టు నేను రాసిన మిగతా మాక్‌లన్నిటికంటే కష్టం, అందులో ఎవరికైనా తక్కువే వస్తుంది. అక్కడి నుంచి చూస్తే ఏమీ చదవకుండా వెళ్లినా స్కోరు పెరిగినట్టే కనిపిస్తుంది, వాళ్లు మాట నిలబెట్టుకున్నట్టే అవుతుంది.

వాపసు అడిగితే మొదట వచ్చిన మెయిల్ ఇది: స్కోరు సరిచూడటానికి మీ ఈటీఎస్ అకౌంట్ లాగిన్, పాస్‌వర్డ్ పంపండి. ఎట్టి పరిస్థితుల్లో పంపకండి. ఆ అకౌంట్‌లో మీ పాస్‌పోర్టులో ఉన్న పేరు, పుట్టిన తేదీ, పరీక్ష బుకింగ్, స్కోర్లు ఏ యూనివర్సిటీకి పంపాలన్నది అంతా ఉంటుంది. అది చేతికొస్తే మీ పరీక్ష వాళ్లే రద్దు చేయొచ్చు. స్కోరు రిపోర్టు పీడీఎఫ్ పంపితే సరిపోదా అని అడిగాను. జవాబు లేదు.

మొదటి పేజీలోని స్కోరుకార్డుల గురించి ఒక మాట. వెర్బల్, క్వాంట్ మెరిసిపోతున్నాయి, కింద ఎనలిటికల్ రైటింగ్ 5.2 అని ఉంది. రైటింగ్ స్కోరు సున్నా నుంచి 6 దాకా అర పాయింటు చొప్పునే ఇస్తారు. 5 ఉంటుంది, 5.5 ఉంటుంది, 5.2 అనేది పుట్టదు. ఇంకో కార్డులో మొత్తం 342. రెండు సెక్షన్లూ కలిపి గరిష్ఠమే 340 అయితే ఆ రెండు మార్కులు ఎక్కడివో మరి. కార్డు తయారుచేసినవాడికి పరీక్షే తెలియదు. ‘ఆఫర్ ఇంకా 14 నిమిషాలే’ అని తిరిగే గడియారం కూడా అంతే, పేజీ రీఫ్రెష్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

డబ్బు కంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది నెలలు పోవడం. విదేశీ దరఖాస్తుదారులకు తేదీలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. చాలా ప్రోగ్రాములకు గడువు డిసెంబర్, జనవరిల్లో. అధికారిక స్కోరు రావడానికి 8 నుంచి 10 రోజులు. తక్కువొచ్చి మళ్లీ రాయాలంటే 21 రోజులు ఆగాలి, 12 నెలల్లో ఐదుసార్లకు మించి రాయలేం. పరీక్ష తేదీ మార్చుకోవాలన్నా 4 రోజుల ముందే చేయాలి. ఇంగ్లీషు పరీక్షకు వేరే తయారీ. టోఫెల్ కూడా 2026 జనవరి 21న మారింది, స్కోరు ఇప్పుడు 1 నుంచి 6 స్కేలులో ఇస్తున్నారు. దాన్ని ఇంకా పాత 120 స్కేలుకి మాత్రమే చెప్పే కోచింగ్ కనిపిస్తే అదీ ఇదే కోవ. ఇన్నిటి మధ్యలో పాత పరీక్షకు తయారై, అసలు పరీక్షలో దెబ్బతిని, మళ్లీ రాసేసరికి గడువు దాటిపోతుంది.

కొనాలా వద్దా అంటే, ముందు మీ ప్రోగ్రాము పేజీలో జీఆర్‌ఈ అసలు అడుగుతున్నారో లేదో చూడండి. చాలాచోట్ల తీసేశారు, ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ అడిగితే ఇంకోటి వద్దంటుంది. అడుగుతుంటే ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ మాక్‌లతో మొదలుపెట్టండి. ఒకటి ఇప్పుడే, ఇంకోటి పరీక్ష ముందు. మీ అసలు స్థాయి అక్కడ తెలుస్తుంది. గణితం పునశ్చరణ పుస్తకమూ వాళ్ల దగ్గరే ఉచితం. ఆ తర్వాత కూడా ఎవరైనా చెప్పాలి అనిపిస్తే, డబ్బు కట్టకముందే డెమోలో చూపించేది కాకుండా వేరే ఏదైనా మాక్ తెరిచి చూపించమనండి. సాకులు చెబితే అక్కడితో వదిలేయండి. స్కోర్లు పంపే ‘సర్వీసు’ కూడా అంటగడతారు, వద్దు. పరీక్ష రోజు నాలుగు యూనివర్సిటీలకు ఉచితంగా మీరే పంపుకోవచ్చు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే: షరతుల పేజీని ఈరోజే తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నేను వాపసు అడిగిన తర్వాత అందులో ఒక క్లాజు మారింది. కొత్త ప్యాటర్న్ అని చెప్పిన ప్రకటన, లోపల 35:00 చూపించే టైమర్, ఈ రెండూ పక్కపక్కన పెట్టి కార్డు బ్యాంకుకు డిస్ప్యూట్ వేశాను. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అని చూపడానికి అంతకంటే సూటి రుజువు దొరకలేదు. బ్యాంకు ఇంకా తేల్చలేదు. ఇంకో సంగతి, కొనుగోలు పేజీలో ఆటో రెన్యువల్ బాక్సుకు వాళ్లే టిక్కు పెట్టి ఉంచారు. మీ అకౌంట్‌లో అది ఉందేమో చూసి, వాపసు సంగతి తర్వాత, ముందు దాన్ని ఆపండి.