గడియారం సెంటర్ సెలూన్: గడ్డానికి మూడు స్టార్లు, అమెరికా ఎన్నికలకు ఐదు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర సందులో ఉన్న మూడు కుర్చీల సెలూన్ ఇది. పేరు రాయను. కింద ఒకటి రెండు ఫిర్యాదులున్నాయి, ఓనరు రేపు కూడా నా మెడ మీద కత్తి పెట్టేవాడే.

కటింగ్ శుభ్రంగా చేస్తాడు. బ్లేడు మన కళ్ల ముందే విరిచి పెడతాడు, చివర్లో పటిక రుద్దడం మరిచిపోడు. కుర్రాళ్లు అడిగే ఫేడ్ కటింగైతే వేరే షాపు చూసుకోండి.

అసలు జనం వచ్చేది మాటల కోసం. 2024 అక్టోబర్‌లో టీవీ పెడితే ట్రంప్, లేదంటే కమలా హారిస్. బెంచీ మీద కూర్చున్న ప్రతివాడికీ ఒక అభ్యర్థి. ఒకాయన ట్రంప్ పక్షం. కారణం, ఉపాధ్యక్ష అభ్యర్థి వాన్స్ భార్య ఉష తెలుగు వాళ్లమ్మాయి, వాళ్ల మూలాలు పశ్చిమ గోదావరి వడ్లూరు, అంటే అల్లుడు మనోడే. ఇంకొకాయన కమల వైపు. వాళ్లమ్మ తమిళనాడు మనిషి కదా, మన ఆడబిడ్డ అట. ఓనరు కత్తెర ఆపకుండానే, "అవన్నీ సంబంధం కలుపుకునేటప్పుడు అడగాలె సార్. ఓటుకు వేరే కారణం చెప్పుండ్రి" అన్నాడు.

తర్వాత అల్లుడి పక్షం ఆయన్ను అడిగాడు: "నీ కొడుక్కు ఆడ ఓటుందా కాకా?"

"ఓటెక్కడిది, హెచ్1బీ వీసా మీదున్నడు."

గ్రీన్ కార్డున్నా ఆ ఎన్నికలో ఓటు ఉండదు, సిటిజన్ కావాలి. బెంచీ సగం చల్లబడింది. ఏ పార్టీ వస్తే గ్రీన్ కార్డులు తొందరగా వస్తాయని ఇంకొకరు ఎత్తుకుంటే, క్యూలో ఉన్న డిగ్రీ కాలేజీ లెక్చరర్ అందుకున్నాడు. ఏటా కోటా కింద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది వాళ్ల పార్లమెంటు చేసిన చట్టమట, ప్రెసిడెంటు ఒక్కడు సంతకం పెట్టి మార్చేది కాదట. ఆ ఒక్క మాటకే నా కటింగ్ డబ్బులు గిట్టుబాటయ్యాయి.

ఇక ఫిర్యాదు. ఓనరుకు లెక్కల పిచ్చి. రాష్ట్రాల వారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 రావాలని, 2016లో హిల్లరీకి దేశం మొత్తం మీద జనం ఓట్లు 28 లక్షలకు పైగా ఎక్కువొచ్చినా ఓడిపోయిందని, టెక్సాస్‌కు 40 ఉన్నా అక్కడ పోటీ లేదని, తేల్చేది 19 ఓట్ల పెన్సిల్వేనియా అని చెబుతూ కత్తి గాల్లోనే ఆపుతాడు. ఈలోగా ఎడమ చెంప మీద నురగ ఆరి చర్మం బిగుసుకుపోతుంది. మళ్లీ నీళ్లు కొట్టి మొదటి నుంచి గీస్తాడు. అందుకే గడ్డానికి మూడే స్టార్లు.

మా అమ్మాయి ఉండేది పిట్స్‌బర్గ్‌లో, సిటిజన్‌షిప్ వచ్చింది, అంటే ఆ పెన్సిల్వేనియా ఓటే. అది తెలిసినప్పటి నుంచి షాపులో నాకు వీఐపీ మర్యాద. ఎవరికి వేస్తున్నావని ఫోన్లో అడిగితే, "అది చెప్పుకునేదా నాన్నా?" అంది. ఓనరు వదల్లేదు. "ఎవరికో మనకొద్దు సార్, ఎందుకో అడుగుండ్రి." అడిగాను. సరుకుల ధరలు, ఇన్సూరెన్స్, పిల్లాడి స్కూల్లో తుపాకుల భయం, ఈ మూడింట్లో ఇద్దరూ ఏం చెప్పారో, ఇంతకుముందు ఏం చేశారో పక్కపక్కన రాసుకుందట. ఇన్నేళ్లుగా మనం ఇక్కడ అట్లా ఒక్కసారైనా రాసుకున్నామా అని ఓనరు బెంచీ మొత్తాన్ని కడిగేశాడు.

పోలింగ్ నవంబర్ 5, మంగళవారం. షాపుకు సెలవు. బుధవారం మాత్రం టీవీ ముందు నిలబడే జాగా లేదు. ట్రంప్ పెన్సిల్వేనియా గెలిచాడని వచ్చేసరికి కుర్చీలో ఉన్నాయనకు ఒక పక్క మీసమే ట్రిమ్ అయింది.

కటింగ్ 120, గడ్డం 60, ఫోన్‌పే ఉంది. ఆదివారం వెళ్లకండి, గంటకు తక్కువ కాకుండా కూర్చోబెడతాడు. హెడ్ మసాజ్ మొదలుపెట్టబోతే ముందే రేటు అడగండి, బోర్డు మీద లేదు.